ఊరు పట్టుకున్న ట్యూషన్

అరకు అనగానే మీ ఫోన్లో ఏం కనిపిస్తాయి? వలిసె పూలు, కాఫీ, బొర్రా గుహలు, అద్దాల రైలు. ఈరోజు వాటి గురించి కాదు. ఆ కొండల మీది ఊళ్ళలో సాయంత్రం అయ్యాక పిల్లల చదువు సంగతి చెప్తాను.

మాది డుంబ్రిగూడ వైపు చిన్న ఊరు. ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడతాం. బడిలో తెలుగు. ఒకటో తరగతిలో టీచర్ ఏం అడుగుతున్నారో అర్థంకాక, అందరూ నవ్వితే నేనూ నవ్వేవాణ్ణి. ఈ ఇబ్బంది కొత్తది కాదు. 2004లోనే ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో చదువు చెప్పడం మొదలుపెట్టారు. వాటిలో మా భాష, కువి, కొండ కూడా ఉన్నాయి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో జీవో 3 వచ్చింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అంటే మన భాష తెలిసిన టీచరే వస్తారని గ్యారంటీ లేదు. సాయంత్రం పూట ఆ లోటు మనమే పూడ్చుకోవాలి.

డిగ్రీ రెండో ఏడాదిలో మా అరుగు మీద ట్యూషన్ పెట్టాను. పద్నాలుగు మంది వచ్చారు. నేనేదో పెద్ద సార్‌ని అయిపోయాననుకున్నా. తర్వాత నా పరీక్షలొచ్చాయి, మూడు వారాలు ఊళ్ళో లేను. తిరిగొచ్చేసరికి ఐదుగురే మిగిలారు. తొమ్మిదో తరగతి కుర్రాడొకడు కాఫీ పళ్ళ కోతకు పోయి, బడే మానేశాడు. వాళ్ళమ్మని అడిగితే, "నువ్వూ రావడం మానేశావు కదా నాయనా, ఇంక వాణ్ణి అడిగేదెవరు?" అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అప్పుడు ఊరంతా కూర్చున్నాం. డబ్బులు అడగలేదు, పని పంచుకున్నాం. వారానికొక ఇంటి అరుగు. చదువు రాని ఒక అమ్మ రోజూ వచ్చి కూర్చుని, ఎవరు రాలేదో చూసి, పొద్దున్నే వాళ్ళింటికి వెళ్తుంది. పాఠంలో మాట అర్థంకాకపోతే ఒక తాత మా భాషలో చెప్తాడు. పదో తరగతి అమ్మాయిలు చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పుతారు. లెక్కలు నావి. కోతల రోజుల్లో టైమ్ ఏడు గంటలకు మార్చాం. ఈసారి పరీక్షలకు వెళ్ళొచ్చినా ట్యూషన్ ఆగలేదు.

ఆ కుర్రాడు బడికి తిరిగి వెళ్ళలేదు, అబద్ధం చెప్పను. కానీ సాయంత్రాలు వస్తున్నాడు. ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టించాం.

సిటీలో ఉన్న ఫ్రెండ్స్‌కి ఒక్క మాట. నోట్‌బుక్స్ తెచ్చి ఫోటో దిగి వెళ్తే తప్పులేదు, సంతోషమే. కానీ మాకు కావాల్సింది వారం వారం "ఏం చదివావురా?" అని అడిగే అన్న, అక్క. మా ఊళ్ళో సిగ్నల్ కొండెక్కితేనే వస్తుంది. ఆదివారం పిల్లల్ని తీసుకుని మేం కొండెక్కుతాం. మీరు ఫోన్ ఎత్తండి చాలు.

ఉంటాను మరి.