పాత బుల్లెట్ బండికి చికిత్స: ముందు విద్యుత్తు, తరువాత పెట్రోలు
(ఉపన్యాస పాఠం)



రైల్వే సిగ్నల్ శాఖలో మూడు దశాబ్దాలకు పైగా వైర్ల మధ్య, రిలేల మధ్య జీవితం గడిపిన నన్ను, పాత మోటారు సైకిళ్ల మరమ్మతును గురించి మాట్లాడవలసిందిగా కార్యవర్గం వారు కోరారు. ఇది కేవలం సరదాకు సంబంధించిన విషయమేమోనని మొదట సంకోచించాను. కాని మనలో అనేకుల ఇళ్లలో తండ్రిగారి కాలం నాటి బండి ఒకటి వసారాలో నిలిచి ఉన్నది. దానిని నడపలేక, వదులుకోలేక, కష్టపడి కూడబెట్టిన సొమ్మును అనవసరపు విడిభాగాలకు ధారపోస్తున్నవారు ఉన్నారు. వారి కొరకు నాలుగు మాటలు చెబుతాను.

ఉదాహరణకు బుల్లెట్ 350 బండిని తీసుకుంటాను. ఇంగ్లండులోని రెడ్డిచ్ కంపెనీ, మద్రాసు మోటార్సు సంస్థ కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియాను నెలకొల్పిన తరువాత మద్రాసు చెంతనున్న తిరువొత్తియూరులో తయారైన బండి ఇది. 70 మిల్లీమీటర్ల వ్యాసం, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు గల ఒకే సిలిండరు; 346 సీసీల ఇంజను. దానిలో కంప్యూటరు లేదు. జాగ్రత్త గల కార్మికుడెవరైనా అర్థం చేసుకోగల యంత్రమది.

తపాలా శాఖలో పదవీ విరమణ చేసిన నా మిత్రునికి ఆయన తండ్రిగారు 1974లో కొన్న బుల్లెట్ ఉన్నది. ఆరు వోల్టుల బండి. చట్రానికి కొత్త రంగు వేయించిన నాటి నుండి అది మొరాయించింది. మూడు నెలల్లో మూడు షెడ్లు తిరిగింది. ఒకరు కాయిలు మార్చారు, ఒకరు బ్యాటరీ మార్చారు, మరొకరు కొత్త కార్బురేటరే బిగించారు. ప్లగ్గును బయటకు తీసి చూస్తే నిప్పురవ్వ కనబడుతున్నది. బండి మాత్రం కదలదు. చివరకు ఆయన, “అన్నా, పాత ఇనుము కింద అమ్మేస్తాను. మా నాన్నగారి బండిని నా చేతులతో నేనే తూకానికి వేయవలసి వచ్చింది” అని కన్నీరు పెట్టుకున్నారు.

నేను మీటరు తీసుకుని వెళ్లాను. రిజిస్టరు ఉత్తరం దారి తప్పినప్పుడు మన తపాలా సోదరులు ఏమి చేసేవారు? దేశమంతా వెదికేవారు కారు. ఏ ఆఫీసులో చివరి రసీదు ఉన్నదో చూసి, అక్కడి నుండి మొదలు పెట్టేవారు. విద్యుత్తును కూడా అలాగే వెదకాలి.

ఇంజను ఆపి ఉండగా తాళం తిప్పి, కాంటాక్ట్ బ్రేకరు, అనగా మన మెకానిక్కులు ప్లాటినం పాయింటు అనేది, మూసుకుని ఉండే స్థితిలో ఉంచి కొలిచాను. బ్యాటరీ వద్ద 6.1 వోల్టులు. కాయిలు రెండు కొనల మధ్య 4.7 మాత్రమే. తక్కిన 1.4 వోల్టులు దారిలో ఎక్కడో పోతున్నవి. తాళపు స్విచ్చి మీద పోయినది 0.3. బ్యాటరీ ఎర్తు కొన నుండి ఇంజను ఒంటికి కొలిస్తే 1.1 వోల్టులు! దొంగ అక్కడ దొరికాడు. చట్రానికి రంగు వేసినప్పుడు ఎర్తు వైరు బిగించే చోట కూడా రంగు పూశారు. బోల్టు మర మీదుగా అరకొరగా కరెంటు పోతున్నది.

ఆరు వోల్టుల బండిలో ఒక వోల్టు పోవడమంటే ఆరవ వంతు బలం పోవడం. కాయిలులో నిల్వ ఉండే శక్తి కరెంటు యొక్క వర్గాన్ని అనుసరించి ఉంటుంది కనుక నష్టం ఇంకా హెచ్చుగా ఉంటుంది. అటువంటి బలహీనమైన నిప్పురవ్వ బయటి గాలిలో కనబడుతుంది కాని, సిలిండరులో గాలి ఒత్తిడికి లోనైనప్పుడు ప్లగ్గు మొనల మధ్య దూకలేదు. మూడు షెడ్లలోనూ మోసపోయింది ఇక్కడే. ఎమిరీ కాగితంతో రంగు గీకి, బోల్టు బిగించగా కాయిలు వద్ద 5.7 వోల్టులు వచ్చినవి. అయ్యిన ఖర్చు ఒక ఎమిరీ కాగితం.

పాయింట్ల ఎడాన్ని కూడా ఫీలర్ గేజితో చూడాలి, 0.35 నుండి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. పాయింట్లు తరచుగా నల్లగా కాలుతూ, వాటి మధ్య పెద్ద మెరుపు కనబడుతుంటే కండెన్సరును అనుమానించాలి. ఆంపియరు మీటరు పని చేసే బండిలో తాళం తిప్పి కిక్కును మెల్లగా తొక్కితే, పాయింట్లు మూసుకున్నప్పుడు ముల్లు డిశ్చార్జి వైపు వాలి, తెరుచుకున్నప్పుడు మధ్యకు వస్తుంది. ముల్లు కదలకపోతే పాయింట్ల వరకు గల దారిని ముందు చూడండి. టైమింగు మరీ ముందుకు జరిగి ఉంటే కిక్కు వెనుకకు తన్ని చీలమండను దెబ్బ తీస్తుంది. దానిని సరిచేయనిదే తొక్కవద్దు.

తరువాతి కాలపు బుల్లెట్లలో కొన్నింటికి విద్యుత్ స్టార్టరు ఉన్నది. పన్నెండు వోల్టుల ఆ బండ్లకు కూడా పద్ధతి ఇదే. మీట నొక్కితే రిలే టక్కుమనకపోతే మీట, క్లచ్చి స్విచ్చి, రిలేకు వచ్చే సన్నని వైర్లు చూడాలి. టక్కుమని ఊరుకుంటే బ్యాటరీ, లావు కేబుళ్లు, ఎర్తు, మోటారు బ్రష్షులు చూడాలి. స్టార్టరు తిరుగుతుండగా బ్యాటరీ సుమారు 9.5 వోల్టుల కంటె దిగువకు పడితే ముందు దానిని ఛార్జి చేసి మళ్లీ పరీక్షించాలి. అప్పుడే ఎర్తు వైపు అర వోల్టు కంటె ఎక్కువ పోతుంటే కీళ్లను శుభ్రం చేయాలి.

ఇక మిత్రుని బండి సంగతి. రెండవ కిక్కుకు మ్రోగింది, పొగ చిమ్మింది, ఆగిపోయింది. కారణం ఊహించగలరు. విద్యుత్తులోని లోపాన్ని పెట్రోలుతో కప్పిపుచ్చాలని ముగ్గురూ తలా ఒకవైపు స్క్రూలు తిప్పారు. ఒక లోపం మీద మూడు లోపాలు పేరుకున్నవి. అందుచేతనే విద్యుత్తు సరి అయిన తరువాతనే కార్బురేటరు మీద చేయి వేయాలని నేను నొక్కి చెబుతున్నాను.

మిక్‌కార్బు రకపు కార్బురేటరుకు వరుస ఇది. ట్యాంకు కుళాయిని, ఫ్లోటు గిన్నెను శుభ్రం చేయండి. జెట్లను పెట్రోలుతో కడిగి గాలి ఊదండి. తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదవుతుంది. ఇంజనుకు కలిసే చోట గాలి చొరబడకుండా చూడండి. బండిని పది నిమిషాలు నడిపి వేడెక్కనివ్వండి. ఎయిర్ స్క్రూను మృదువుగా చివరి వరకు మూసి, ఒకటిన్నర చుట్లు విప్పండి. అక్కడి నుండి పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ, ఇంజను ఎక్కడ నిలకడగా, అన్నిటికంటె వేగంగా తిరుగుతుందో అక్కడ నిలపండి. ఈ స్క్రూను మూస్తే పెట్రోలు పాలు పెరుగుతుంది, విప్పితే గాలి పాలు పెరుగుతుంది. ఆ తరువాత థ్రాటిల్ స్క్రూతో వేగం తగ్గించండి.

ఎయిర్ స్క్రూ ప్రభావం థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు, కొద్దిగా తెరిచినప్పుడు మాత్రమే. పావు నుండి ముప్పావు వరకు సూదిది అధికారం. అంతకు మించితే మెయిన్ జెట్టుది. ప్లగ్గు మొన బిస్కట్టు రంగులో ఉంటే మంచిది. మసి పడితే పెట్రోలు ఎక్కువ, తెల్లబారితే తక్కువ. ఈనాడు 20 శాతం వరకు ఎథనాల్ కలిసిన పెట్రోలు వస్తున్నది. దానికి పాత కొలతలతో మిశ్రమం పలచబడవచ్చు. పాత రబ్బరు గొట్టాలు, సీళ్లు కూడా చెడవచ్చు. ప్లగ్గు తెల్లబారుతుంటే సూది క్లిప్పును ఒక గాడి కిందికి దించి చూడండి. సూది పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది.

నిప్పు విషయంలో అజాగ్రత్త పనికిరాదు. కార్బురేటరు విప్పే ముందు పెట్రోలు కుళాయి కట్టి, బ్యాటరీ వైరు విడదీయండి. ప్లగ్గు నిప్పురవ్వను పరీక్షించేటప్పుడు దగ్గరలో తెరిచిన పెట్రోలు ఉండరాదు. ఇసుక బకెట్టును చేరువలో ఉంచండి.

ఆ మూడు షెడ్ల పనివారిని నేను నిందించడం లేదు. వారు కూడా మనవంటి శ్రామికులే. ఒక గంట కూర్చుని వెదికినందుకు వారికి ఎవరూ కూలి ఇవ్వరు. సామాను మారిస్తేనే ఇస్తారు. కనుక మీ మెకానిక్కును, “ఏమి మార్చాలి?” అని అడగకండి. “లోపం ఎక్కడున్నదో వెదకండి, ఆ శ్రమకు కూలి ఇస్తాను” అని చెప్పండి. ఒకసారి ఒక మార్పే చేయండి. చేసిన ప్రతి మార్పును నోటు పుస్తకంలో తేదీతో రాయండి. పని చేయకపోతే యథాస్థానానికి తిప్పండి.

మిత్రుని బండి ఈనాడు నడుస్తున్నది. ఆదివారాలలో మనుమరాలిని వెనుక కూర్చోబెట్టుకుని ఆయన ఊరి చెరువు కట్ట వరకు వెళ్లి వస్తున్నారు. ఎర్తు వైరు ఎక్కడుంటుందో ఆ పిల్లకు ఇప్పటికే తెలుసు.