వీధి విగ్రహానికి చింతపండు వద్దు
(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



బుడితి ఇత్తడి చెంబును చింతపండుతో తోమి తళతళలాడించడం మనకు పుట్టింటి విద్య. అందుకే కాబోలు, వీధిలో కంచు విగ్రహం నల్లబడి కనిపిస్తే "అయ్యో, తోమే దిక్కు లేదే" అనుకుంటాం. కాని ఆ నలుపే దానికి చర్మం. గాలీ వానా తగిలి ఏర్పడిన ఆ పొర లోపలి లోహాన్ని కాపాడుతుంది. పులుపు పెట్టి రుద్దామా, అది కాస్తా ఊడిపోతుంది. విశాఖ తీరంలోలా ఉప్పుగాలి తగిలే చోట మరీ కష్టం. లేతాకుపచ్చ పొడి రాలి కంచు గుంటలు పడుతుంది. మంచినీళ్ళతో కడిగి, మెత్తని గుడ్డతో తుడిచి, ఏడాదికోసారి మైనం పూస్తే చాలు. ఇంట్లో అయితే గంట పని. విజయవాడలో 2024 జనవరిలో ఆవిష్కరించిన అంబేడ్కర్ విగ్రహం 125 అడుగులు, ఉక్కు చట్రానికి కంచు తొడుగు. అంత ఎత్తుకు గుడ్డ పట్టుకుని ఎక్కడమంటే మాటలా!

రాతి సంగతి వేరు. హుస్సేన్‌సాగర్ బుద్ధుడు 1990 మార్చిలో నీళ్ళలో పడిపోయాడు. ఆ ప్రమాదంలో ప్రాణాలూ పోయాయి. 1992 డిసెంబరులో పైకి తీస్తే గ్రానైటు చెక్కుచెదరలేదు. మన ఊళ్ళలో ఎక్కువగా ఉండే సిమెంటు విగ్రహాలకు ఆ భాగ్యం లేదు. చిన్న పగులులోంచి నీరు దిగి, లోపలి చువ్వ తుప్పుపట్టి ఉబ్బితే చెయ్యి విరిగిపడుతుంది. పగులు పూడ్చకుండా రంగు వేసి ఏం లాభం?

ఇక దీపాలు. పిల్లలు గడ్డం కింద టార్చి పెట్టుకుని భయపెడతారు చూడండి, కింద నుంచి ఒక్క దీపమే వేస్తే మహానుభావుల ముఖమూ అలాగే ఉంటుంది. పక్కల నుంచి, కాస్త ఎత్తులోంచి, ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ వెలుగు పడాలి. రాత్రంతా వెలిగితే పురుగులు, వాటి కోసం బల్లులు, సాలెగూళ్ళు. పదకొండింటికి ఆర్పేస్తే నష్టమేమీ లేదు.

ఫెర్రో ఎల్లాయిస్‌తో పేరు తెచ్చుకున్న ఊరు మా గరివిడి. ఇక్కడికి దగ్గర్లోనే ఒక కూడలిలో నిరుడు జయంతికి విగ్రహానికి బంగారు రంగు పులిమారు. నుదుటి గీతలు, కనురెప్పలు అన్నీ పూడుకుపోయాయి. మా అత్తగారు "ఈయనెవులమ్మా?" అని అడిగారు. రంగు పోతే పోయింది. చుట్టూ ఇనుప కమ్మీలకు సీరియల్ బల్బులు చుట్టారు, అతుకులకు టేపు లేదు, పైన తుంపర. పిల్లలు ఆ కమ్మీలే పట్టుకుని ఊగుతున్నారు. నాకు గుండె ఆగినంత పనైంది. వాళ్ళను ఇవతలికి లాగి, వైర్‌మన్ వచ్చి తీగ తప్పించేదాకా నేనూ మా అత్తగారూ ఆ తుంపరలోనే నిలబడ్డాం.