పెండింగు పుస్తకాలు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి నాకంటె బాగా మాట్లాడగలిగిన వారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నన్ను మాత్రం ఈమధ్య చదివిన పుస్తకాల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. చదివినవాటి గురించి చెప్పాలంటే ముందుగా చదవనివాటి సంగతి చెప్పాలి. ఎందుకంటే అవే ఎక్కువ గనుక.

నిజాంపట్నంలో మా ఇంటి ముందుగదిలో ఒక బీరువా ఉన్నది. అది నిండి చాలా కాలమైంది. ఆ తరువాత మంచం కింద రెండు ట్రంకు పెట్టెలు, అవి నిండాక గోడవార ఒక గుట్ట. మొన్న సంక్రాంతికి ముందు బూజు దులుపుతూ లెక్క వేశాను. ఇంకా చదవనివి 214 తేలాయి. నెలకు రెండు చొప్పున సంవత్సరానికి 24 చదవగలుగుతున్నాను. ఆ లెక్కన తొమ్మిదేళ్ల పని. నాకిప్పుడు డెబ్బై నాలుగు. ఎనభై మూడేళ్ల వారు ఈ హాల్లోనే ముగ్గురు కనబడుతున్నారు కాబట్టి అదేమంత దిగులు పడవలసిన అంకె కాదు. అయితే ఏటా కొత్తగా వచ్చి చేరేవి 30కి తగ్గటం లేదు. అంటే ప్రారంభ నిలవ 214, రాబడి 30, ఖర్చు 24, ముగింపు నిలవ 220. ఏ ఆడిటరు చూసినా ఒక పేరా రాసి తీరతాడు.

మా ఇంట్లో ఆ ఆడిటు మా ఆవిడ చేస్తుంది. "ఏమండీ, ఇవి అయ్యేదాకా మళ్లీ కొననని ఎవరికైనా రాసివ్వకూడదూ?" అన్నది. "రాసిస్తే ఆ కాగితం కూడా ఈ గుట్టలోనే కలిసిపోతుంది" అన్నాను. ఇలా కొని చదవకుండా పేర్చిపెట్టడానికి జపాను భాషలో ప్రత్యేకంగా ఒక మాటే ఉన్నది, 'త్సుండోకు' అని. ఆ సంగతి చెబితే ఆవిడ, "అక్కడి ఆడవాళ్లు పెట్టి ఉంటారు" అన్నది.

మనమంతా ఫైళ్లతో బతికినవాళ్లం గనుక మీకు తెలిసిన మాటల్లోనే చెబుతాను. నా పుస్తకాలకు ఒక పర్సనల్ రిజిస్టరు పెట్టుకున్నాను. వచ్చిన తేదీ, ఎక్కడ కొన్నది, ఎంతకు, చదివిన తేదీ, ఆఖరు గడిలో డిస్పోజలు. మళ్లీ చదవవలసినవి, శాశ్వతంగా ఉంచవలసినవి ఆర్.డిస్. కొన్నాళ్లు ఉంచి తీసివేయదగినవి ఎల్.డిస్. ఎవరైనా ఇచ్చినవైతే చదివి ఉన్నదున్నట్లుగా వాపసు, అంటే ఎన్.డిస్. పది పేజీలు చదివి, ఇప్పుడు కాదు అనుకొని పక్కన పెట్టినవి కాల్ బుక్కు. కాల్ బుక్కు ఎంత లావయిందో నేను చెప్పను, మీ మీ సెక్షన్లను తలచుకోండి.

ఇక ఈ మధ్య ఆర్.డిస్. అని రాసుకున్నవాటిలో మొదటిది బండి నారాయణస్వామిగారి 'శప్తభూమి'. దీనికి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. పాలెగాళ్ల కాలం నాటి అనంతపురం సీమ కథ. మనం కాలువ నీళ్ల మీద బతికినవాళ్లం. నీరు లేని నేల మీద మనిషి ఎట్లా నిలబడ్డాడో, పెత్తందారు కింద చిన్న కులాలవారు ఎంత నలిగిపోయారో చదువుతుంటే, మన శిస్తు రికార్డుల వెనక ఉన్న మనుషులు లేచి వచ్చినట్లనిపించింది. ఆ సీమ మాటలు మనకు మొదటి యాభై పేజీల్లో కాస్త అడ్డం పడతాయి. ఓపిక పట్టండి, తరువాత అవే రుచి.

రెండవది సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిగారి 'కొండపొలం'. దీని మీద 2021లో సినిమా కూడా వచ్చింది. మా మనవడు సినిమా చూశాను గదా, మళ్లీ పుస్తకమెందుకు తాతయ్యా అన్నాడు. కరువు వచ్చినప్పుడు గొర్రెలను తోలుకొని నల్లమల అడవిలోకి పోయే కాపరుల కథ అది. గొర్రెను ఎట్లా కనిపెట్టుకొని ఉండాలి, రాత్రిపూట ఏ చప్పుడు దేనిది, నీళ్లు ఎక్కడ దొరుకుతాయి అన్న పని తెలివి ఆ పుస్తకంలో ఉన్నంతగా తెర మీద రావటం కష్టం. ఈ రెండు నవలలూ అమెరికాలోని తానా వారి నవలల పోటీలో బహుమతులు పొందినవే. అక్కడివారు ఇక్కడి కరువును గురించి రాయించటం, దాన్ని సముద్రపు ఒడ్డున కూర్చొని నేను చదవటం నాకు వింతగానే ఉంటుంది.

ఆ పుస్తకం ముగించాక నాకొక కోరిక పుట్టింది. గొర్రెల కాపరికి అంత మంచి నవల ఉన్నప్పుడు మా ఊరి వేటగాళ్లకు ఎందుకుండకూడదు? హార్బరులో తెల్లవారుజామున బోట్లు వచ్చే వేళకు మీరు ఎప్పుడైనా వచ్చి నిలబడ్డారా? ఐసు బుట్టలు, వేలం పాటలు, వల బాగుచేసే ముసలివాళ్లు, మడ అడవి వైపు పీతలకు పోయే పిల్లలు. నా 214లో ఆ బతుకు ఉన్న పుస్తకం ఒక్కటి లేదు. వెతుకుతున్నాను. మీ ఇళ్లలో ఉంటే దయచేసి చెప్పండి.

మధురాంతకం నరేంద్రగారి 'మనోధర్మపరాగం' (2022 అకాడమీ బహుమానం) సంగీతాన్ని కాపాడిన దేవదాసీ కుటుంబాల ఆడవారి కథ. సంగీతం తెలిసినవారు ఇంకా ఎక్కువ ఆనందిస్తారు. నాకు రాగాలు తెలియవు, ఆ ఆడవాళ్ల అభిమానం మాత్రం తెలిసింది. తల్లావజ్ఝల పతంజలి శాస్త్రిగారి 'రామేశ్వరం కాకులు' కథలు (2023 బహుమానం) రోజుకొకటి కంటె ఎక్కువ చదవకండి. ఆయన సగం చెప్పి సగం మనకు వదిలేస్తారు, ఆ సగం మనలో పూర్తి కావటానికి ఒక రోజు పడుతుంది. 2024లో బహుమానం పొందిన 'దీపిక' మన గుంటూరు న్యాయవాది పెనుగొండ లక్ష్మీనారాయణగారి విమర్శ వ్యాసాల పుస్తకం. అది ఇప్పుడే మొదలుపెట్టాను. విమర్శ పుస్తకంతో ఒక నష్టం ఉన్నది. ప్రతి పేజీలోనూ మనం చదవని మరో పుస్తకం పేరు కనబడుతుంది.

ప్రచురణకర్తలకు ఒక మనవి. పుస్తకాలు ఇప్పుడు అందంగా వేస్తున్నారు, సంతోషం. కానీ తూకం ఎక్కువైపోయింది. పడుకొని చదివే అలవాటున్నవాళ్లం, చేయి జారితే ముక్కు మీద పడుతున్నది. అక్షరం మాత్రం చిన్నదైంది. నా కుడి కంటికి శుక్లం తీయించుకున్నాను, ఎడమది ఈ ఏడు. ఈ మధ్య మా అమ్మాయి ఇచ్చిన టాబ్లెట్టులో ఇంటర్నెట్ ఆర్కైవులోని పాత తెలుగు పుస్తకాలు అక్షరం పెద్దది చేసుకొని చదువుతున్నాను. కనబడటం బాగానే కనబడుతుంది. అయితే అవి గుట్టగా కనబడవు గనుక మా ఆవిడకు వాటి సంగతి తెలియదు. ఇక్కడే ఉన్నది, ఇప్పుడు తెలిసింది.

నాకు చాలాకాలంగా కావలసి, ఈ మధ్యనే దొరికిన ఒక ఇంగ్లీషు పుస్తకం గురించి చెప్పాలి. పీటర్ ఫ్లోరిస్ అనే వర్తకుడు 1611లో గ్లోబ్ అనే ఓడ మీద ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ తరఫున మన తీరానికి వచ్చాడు. పులికాట్టులో వలందావారు, అంటే డచ్చివారు, దిగనివ్వలేదు. అక్కడి నుండి మన ఊరికి వచ్చాడు. వాళ్ల రాతల్లో మన నిజాంపట్నం పేరు పెటాపోలీ. డచ్చివారు అంతకు ముందే, 1606లో, ఇక్కడ వర్తకశాల పెట్టారు. ఫ్లోరిస్ దినచర్యను మోర్లాండు అనే చరిత్రకారుడు 1934లో అచ్చు వేయించాడు. నకలు తీయించుకొని నిఘంటువు పక్కన పెట్టుకొని చదివాను. వాళ్లందరూ ఇక్కడికి ఎగబడి రావటానికి కారణం చిరివేరు. దానితో అద్దిన ఎర్రరంగు బట్టకు తూర్పు దీవుల్లో మంచి గిరాకీ. మా ఊళ్లో చిరివేరు అంటే ఇప్పుడు పిల్లలెవరికీ తెలియదు. నాలుగు వందల ఏళ్లనాడు లండనులో తెలిసిన సంగతి అది.

మా నాన్నగారికి కూడా పుస్తకాల పిచ్చి ఉండేది. 1977 నవంబరు 19 ఉప్పెన మీకందరికీ తెలుసు. దివిసీమ ఎక్కువ దెబ్బతిన్నది, మన వైపూ తక్కువేమీ జరగలేదు. ఇంట్లోకి వచ్చిన నీటిలో ఆయన పుస్తకాలు తడిసిపోయాయి. అప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. మనుషులు దక్కారన్న సంతోషంలో పుస్తకాలను ఎవరూ పట్టించుకోలేదు. ఆయన మాత్రం వారం పదిరోజులు వాటిని ఎండలో ఒక్కొక్క ఆకూ విడదీసి ఆరబెట్టారు. ఉప్పునీట తడిసిన కాగితం ఒక పట్టాన ఆరదు. ఆరినట్లే ఉండి వానాకాలం రాగానే మళ్లీ చెమ్మగిల్లుతుంది, ఆ ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది. వాటిలో ఏడు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. ప్రతి ఆగస్టులోనూ అవి మెత్తబడతాయి. వాటికి రిజిస్టరులో నంబరు వేయలేదు.

ఈ పక్క ప్రాంతాల్లో పుస్తకానికి జరిగిన మర్యాద తలచుకుంటే ఆశ్చర్యం కలుగుతుంది. తెనాలి ప్రాంతపు పెదపాలెం నుండి పాతూరి నాగభూషణంగారు 1935లో పడవలో పుస్తకాలు పెట్టి కాలువ వెంట ఊరూరికీ తిప్పించారు. పాఠకుడు గట్టు మీదే ఉండగా గ్రంథాలయం వచ్చి ఆగేది. వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం కొత్త భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక వేటపాలెం, మన రేపల్లె ఒకే బాపట్ల జిల్లాలో పడ్డాయి. తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. 'చందమామ'ను 1947లో మొదలుపెట్టిన చక్రపాణిగారు, తరువాత దశాబ్దాలపాటు నడిపిన కొడవటిగంటి కుటుంబరావుగారు, ఇద్దరూ ఆ తెనాలివారే. ఆ చందమామ లేదు. 'చతుర', 'విపుల' 2021లో ఆగిపోయాయి. బస్టాండులో ఆగి పత్రిక కొనే అలవాటున్న మనకు ఇప్పుడు అక్కడ ఆగే పని లేకుండా పోయింది.

పోస్టు సంగతి కూడా చెప్పాలి. పుస్తకాలకు ఉన్న చౌక రిజిస్టరు పార్సిలు సదుపాయం 2024 డిసెంబరు 18 నుండి తీసివేశారు. అయిదు కిలోల కట్ట సుమారు ఎనభై రూపాయలకు వచ్చేది. నాబోటి వారికి విజయవాడ వెళ్లి రావటం కష్టమైనప్పుడు అదే దిక్కు. తరువాత 2025 మే 1 నుండి 'జ్ఞాన్ పోస్ట్' అని పెట్టారు. మూడు వందల గ్రాముల వరకు ఇరవై రూపాయలు, అయిదు కిలోలకు వంద, పైన పన్ను. మాస, వార పత్రికలకు వర్తించదు. పుస్తకం తెప్పించుకునేవారు పంపేవారిని ఈ పేరు చెప్పి అడగండి. చాలామందికి తెలియక కొరియరుకు రెట్టింపు కడుతున్నారు.

1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం మన ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా కడుతున్నాం. కడుతున్నవాళ్లం మన ఊరి శాఖకు వెళ్లి, ఫలానా పుస్తకం తెప్పించండి అని సలహాల పుస్తకంలో రాయటం మానేశాం. పేపరు చదివి వచ్చేస్తున్నాం. నెలకొకటి రాద్దాం. రాత మనకు వచ్చిన విద్యే గదా, రిమైండర్లు వేయటమూ వచ్చు.

ఇదంతా చెప్పటానికి కారణం ఉన్నది. మన సీనియరు ఒకాయన, పేరు చెప్పను, నిరుడు కాలం చేశారు. నాకంటె గట్టి చదువరి. నెల మాసికం కాకముందే ఆయన ఇంటి ముందు పాత కాగితాల బండి ఆగింది. పిల్లలను తప్పుపట్టను, ఇద్దరూ దూరదేశంలో ఉన్నారు, ఇల్లు ఖాళీ చేసి మూడు రోజుల్లో విమానం ఎక్కాలి. బండివాడు కిలో పన్నెండు రూపాయలకు తూస్తున్నాడు. నేను వెళ్లేసరికి మూడు బస్తాలు కట్టేశాడు. వాడికే ఇరవై చొప్పున ఇచ్చి పంతొమ్మిది పుస్తకాలు తెచ్చుకున్నాను. ఇంటికి వచ్చి విప్పితే ప్రతిదానిలోనూ అంచుల్లో ఆయన సన్నటి చేతిరాత ఉన్నది, ఎక్కడ రచయితతో ఏకీభవించలేదో, ఎక్కడ కన్నీళ్లు వచ్చాయో తేదీలతో సహా. మిగిలిన బస్తాల్లో ఏమి రాసుకున్నారో ఇక తెలియదు.

ఆ రాత్రి రిజిస్టరులో ఇంకొక గడి గీశాను. 'ఎవరికి' అని. మా పిల్లలను అడిగాను. అమ్మాయి ఇరవై ఏరుకున్నది, అబ్బాయి మా నాన్నగారి ఏడూ తానే ఉంచుకుంటానన్నాడు. మిగిలినవాటికి నేను ఉండగానే పేర్లు రాస్తున్నాను. చదివినవే కాదు, చదవనివి కూడా. తొమ్మిదేళ్లలో నేను చదవగలవాటిని గురించి నాకు బెంగ లేదు. ఆ మిగతావి నా కోసం గుట్టలో ఎందుకు కూర్చోవాలి? అధ్యక్షులవారూ, మన సంఘం గదిలో ఒక బీరువా ఖాళీగా ఉన్నది. దానిని ఇందుకు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. మీలో ఎవరి ఇంట్లో ఎక్కువ ఉన్నా తెచ్చి పెట్టవచ్చు, ఎవరైనా తీసుకుపోవచ్చు.

ఈ రోజు నలభై పుస్తకాలు సంచుల్లో తెచ్చాను. తలుపు పక్క బల్ల మీద ఉన్నాయి. 'కొండపొలం' నా ప్రతి కూడా అందులోనే ఉన్నది, పడుచు పిల్లలు ముందు తీసుకోండి. పెద్ద అక్షరాలవి ఎడమ వైపు విడిగా పెట్టాను. వాపసు తేదీ లేదు. అయితే పక్కనే రిజిస్టరు ఉన్నది, సంతకం చేసి, పేరు, ఊరు రాసి తీసుకువెళ్లండి. టీలు వచ్చినట్లున్నాయి.