తాళంచెవులు, వాల్ప్రోయేట్



ఫార్మసీ పట్టా అందుకున్న బిడ్డలారా! మన పరకాల వైపు ఎవరికైనా ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవులు పెడతారు. కాసేపటికి ఫిట్స్ ఆగుతాయి. పెట్టకపోయినా చాలామందికి రెండు మూడు నిమిషాల్లో ఆగేవే. నవ్వుతున్నారు కదూ? ఇలాంటి లెక్కే పెద్ద పెద్ద పరిశోధకులనూ ఊరించింది.

వాల్ప్రోయేట్ సంగతి చూడండి. 1882లో తయారై, ఎనభై ఏళ్లు ఉత్త ద్రావణిగా పడి ఉంది. 1960ల మొదట్లో ఫ్రాన్స్‌లో వేరే పదార్థాలను అందులో కరిగించి పరీక్షిస్తే, ఏది కరిగించినా మూర్ఛ ఆగింది. పనిచేసింది ద్రావణే! 2011లో గ్లయోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్ గడ్డ ఉన్న రోగుల పాత రికార్డులు తిరగేస్తే, రేడియేషన్, టెమోజోలమైడ్ కీమోలతోపాటు ఇది వాడినవాళ్లు కొన్ని నెలలు ఎక్కువ బతికినట్టు కనిపించింది. చవక మందు, అందరికీ తెలిసిన మందు. ఎంత ఆశ! 2016లో నాలుగు ట్రయల్స్‌లోని 1,800 మందికి పైగా రోగుల లెక్క కలిపి చూస్తే ఆ తేడా నిలవలేదు.

2011 లెక్కలో ఆ మందు ఎవరికివ్వాలో చీటీలు వేసి తేల్చలేదు మరి. ఎక్కువకాలం బతికినవాళ్లకే మందు మొదలుపెట్టే వ్యవధీ ఎక్కువ దొరుకుతుంది. 2025లో ఇదే గడ్డ ఉన్న రోగుల్లో గాబాపెంటిన్ అనే ఇంకో ఫిట్స్ మందు వాడినవాళ్లు 16 నెలలు, వాడనివాళ్లు 12 నెలలు బతికారన్నదీ పాత రికార్డుల మాటే. నాడీకణాలు ఈ గడ్డతో నేరుగా సంధానమై దాన్ని పెంచుతాయని 2019లో తేలింది కాబట్టి, దీన్ని కొట్టిపారేయను. ట్రయల్ జరగాలి, అంతే.

మందు దారి మళ్లడం కొత్తేమీ కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ కంపెనీలో నడిపించిన పరిశోధనల ఫలం మెథోట్రెక్సేట్. క్యాన్సర్ మందుగా వచ్చి, ట్రయల్స్‌లో నిలిచాక, 1988లో అమెరికాలో కీళ్లవాతానికి అనుమతి పొందింది. (కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే అని కవర్ మీద పెద్దక్షరాలతో రాసివ్వండి. రోజూ మింగితే ప్రాణానికే ముప్పు.)

రేపు మీ మెడికల్ షాపుకు ఒకాయన వస్తాడు. ఫోన్‌లో వీడియో చూపిస్తాడు. "అన్నా, మా నాయినకు మెదడుల గడ్డ. ఈ ఫిట్స్ గోలీలు ఇయ్యుండ్రి" అంటాడు. డాక్టర్ చీటీ అడగండి. ఫిట్స్ కోసం రాసిందైతే ఒక్క పూట కూడా మానొద్దని చెప్పండి. క్యాన్సర్‌కని సొంతంగా కొనబోతే ఇవ్వకండి. టెమోజోలమైడ్ వాడే మనిషికి వాల్ప్రోయేట్ తోడైతే ప్లేట్‌లెట్లు మరింత పడిపోవచ్చు. ఆయన కోపంతో పక్క షాపుకు పోబోతాడు. పోనివ్వకుండా కూర్చోబెట్టి, ఆయన డాక్టర్‌కు మీరే ఫోన్ చేయండి.