ఆరోగ్య బీమా – ప్రభుత్వ ధర్మము



గ్రంథాలయ సెస్సును చదువరులు మాత్రమే చెల్లించుట లేదు. 1960 నాటి గ్రంథాలయ శాసనము ననుసరించి ప్రతి గృహస్థుడును ఇంటిపన్నుతోపాటు చెల్లించుచున్నాడు. పుస్తకము ముట్టనివాని సొమ్ముతోడను పేదబాలుడు చదువుకొనుచున్నాడు. బీమా మర్మమును ఇదియే: ఆరోగ్యవంతుని రూపాయి రోగికి అక్కరకు వచ్చును.

అంగడి ధర్మము వేరు. ప్రైవేటు బీమా సంస్థ వయస్సును, పూర్వవ్యాధులను చూచి ప్రీమియము నిర్ణయించును. వృద్ధునకు ధర హెచ్చును. నష్టమునకు ఏ వర్తకుడును అంగడి తెరవడు. అందు తప్పెన్నుట తగదు. కాని కూలివాడు ఆ ధర నిచ్చుకొనలేడు.

ఈ లోటు పూరించుటకై 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశమున మహబూబ్‌నగరు, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో ఆరోగ్యశ్రీ ఆరంభమైనది. తొలుత ప్రభుత్వము ప్రీమియము కట్టగా స్టార్ హెల్త్ అను ప్రైవేటు సంస్థ బీమా భారము వహించెను. 2008లో రెండవ దశయందు ప్రభుత్వ ట్రస్టే ఆ భారమును స్వయముగా చేపట్టెను. తెలంగాణమున కుటుంబమునకు ఏటి పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగినది.

వైద్యము ప్రైవేటు ఆసుపత్రి చేయవచ్చును. పేదవాని పూచీ ప్రభుత్వముదే కావలెను. ఆ పూచీ వేళకు చెల్లవలెను. బకాయి పేరుకొన్నచో చేత కార్డున్నను ఆసుపత్రి తలుపు తెరచుకొనదు.

మరియు ఆరోగ్యశ్రీ ముఖ్యముగా ఆసుపత్రిలో చేరినవారికి. నాగారము వంటి యూళ్లలో రక్తపోటునకు, మధుమేహమునకు నెలనెలా కొను మందులే సంసారములను క్రుంగదీయును. కావున చేరువనున్న సర్కారు దవాఖానాలో వైద్యుడును మందులును ఉండవలెను. పెద్ద జబ్బు రాకుండ కాచుటయే బీమాలన్నిటిలో చౌక బీమా.