తూకము మనది, మోత పరులది

(ఆరంబాక్కమున మన సంఘపు వారాంతర సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



స్థలములు కొనుట, ఇండ్లు కట్టి అద్దెకిచ్చుట అను వ్యవహారములలో అన్నియు మనమే చూచుకొనవలెనా, లేక కూలి యిచ్చి పరులచేత చేయించుకొనవలెనా యను విషయమై నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినారు. మేము న్యాయవాదులము కాము. మెట్రిక్యులేషను వరకు చదివి, తండ్రిగారి బియ్యపు అంగడిలో కూర్చున్నవారము. అయినను ఈ విషయమున ఒకసారి చేయి కాల్చుకొన్నవారము గనుక సాహసించుచున్నాము.

మన ఊరి పరిస్థితి మీ రెరుగనిది కాదు. దక్షిణమున గుమ్మిడిపూండి కర్మాగారములు. ఉత్తరమున సరిహద్దు దాటగానే తడ. దాని చేరువనే 2008లో ప్రారంభమైన శ్రీసిటీ. జాతీయ రహదారియు, రైలుమార్గమును మన ముంగిటనే యున్నవి. పనికి వచ్చువారికి ఇండ్లు కావలెను. అందుచేత నిన్నటి చేలలో నేడు హద్దురాళ్లు నిలిచినవి. రాళ్ల వెంట దళారులును వచ్చినారు.

దళారి చెడ్డవాడని మే మనము. మా వర్తకమున దళారి లేనిదే సరుకు కదలదు. అయితే బస్తా మోయుటకు కూలివానిని పిలుతుము గాని, త్రాసు ముల్లు చూచుటకు పిలువము. ఏది మోత, ఏది తూకము అను వివేకమే ఈ ప్రసంగమునకు సారాంశము.

ముందుగా మా తప్పు చెప్పుకొందుము. కొన్నేండ్ల క్రిందట మేము ఆరు సెంట్ల స్థలము కొంటిమి. వకీలు ఫీజు దండుగ యనుకొని విల్లంగ పత్రమును మేమే తీసి చూచితిమి. తాకట్టు ఏదియు లేదు. అన్నదమ్ము లిద్దరును వచ్చి సంతకములు చేసినారు. రెండేండ్ల పిదప వారి చెల్లెలు నోటీసు పంపినది. పిత్రార్జితములో ఆడబిడ్డకు పుట్టుకతో హక్కు కలదని ఆంధ్రలో 1985లోను, తమిళనాట 1989లోను కొన్ని నియమములతో చట్టమైనది. 2005లో దేశమంతటికిని వర్తించినది. ఆమె అడిగినది న్యాయమే. అన్నలు ఆమెకు చెప్పక అమ్మిరి. మేము అడుగక కొంటిమి. రిజిస్టరైన దస్తావేజులను విల్లంగ పత్రము చూపును గాని, సంతకము చేయవలసియుండియు చేయని వారసుని చూపదు. వారసత్వ పత్రము అడుగుమని ఏ వకీలైనను మొదటి దినముననే చెప్పియుండును. కొద్ది వేల ఫీజు మిగిల్చి, ఆమె వాటాకు లక్షలు మరల చెల్లించితిమి.

దీనికి విరుద్ధముగా సర్వమును దళారికి అప్పగించువారును కలరు. అట్టివారు స్థలము చూడరు, కాగితము చదువరు. ‘పవరు’ కాగితమును, ఒప్పందమును చేతబట్టుకొని తామే యజమానులమని తలతురు. అట్టి కాగితములవలన స్వామ్యము సంక్రమింపదనియు, రిజిస్టరైన విక్రయ దస్తావేజే కావలెననియు సుప్రీంకోర్టు 2011లో స్పష్టముగా చెప్పినది.

కనుక మనమే చేయవలసినవి ఇవి. స్థలమును పగటి వెలుగున స్వయముగా నడచి చూడవలెను. వానకాలమున మరొకసారి చూచుట మేలు. ఇరుగుపొరుగు రైతులను విచారింపవలెను. పట్టా యెవరి పేర నున్నదో, విల్లంగము కలదో లేదో తమిళనాడు ప్రభుత్వపు వెబ్‌సైట్లలో రుసుము లేకయే చూడవచ్చును. కొలత మనమే లెక్క కట్టవలెను: సెంటు 435.6 చదరపు అడుగులు, గ్రౌండు 2400 చదరపు అడుగులు. సరిహద్దు కావల అంకణములలో బేరము చేయుదురు. అంకణము ఒక్కొక్క ఊర ఒక్కొక్క కొలత గనుక చదరపు అడుగులలో వ్రాయించుకొనవలెను. సొమ్ము బ్యాంకు ద్వారా అమ్మువాని ఖాతాకే చెల్లింపవలెను గాని, దళారి చేతి కీయరాదు.

కూలి యిచ్చి చేయించవలసినవి ఇవి. హక్కు పరిశీలనకు వకీలు, హద్దులకు సర్వేయరు, వ్రాతకు దస్తావేజు లేఖరి. మన ప్రాంతము పూర్వపు చెంగల్పట్టు జిల్లాలోనిది. 1892 మొదలు ఆ జిల్లాలో దళితుల కిచ్చిన పంచమి భూములు ఇతరులు కొనినను చెల్లవు. అట్టి సంగతి పాత రికార్డులు తిరుగవేయ నేర్చినవానికే తెలియును. స్థలము వెదకుటకు దళారిని పెట్టుకొనవచ్చును. అయితే అతని కూలి ముందే మాటాడుకొని, రిజిస్ట్రేషను పిదపనే ఈయవలెను. 2016 నాటి కేంద్ర చట్టము ప్రకారము 500 చదరపు మీటర్లకు మించిన లేఅవుటు రిజిస్టరు కావలెను. దానిని అమ్మించు దళారియు రిజిస్టరు కావలెను. ఆ సంఖ్య అడుగుటకు మొగమాటపడకుడు. సరిహద్దు కావల స్థలమునకు చట్టములు, కార్యాలయములు వేరు. ఇచ్చటి వకీలు మాట అచ్చట చాలదు.

అద్దెల విషయమునను ఇదియే న్యాయము. వసూలుకు మనిషిని పెట్టుకొనవచ్చును. కాని బాడుగకు వచ్చువానిని మనమే చూడవలెను. 2019 నుండి అమలులో నున్న తమిళనాడు చట్టము ప్రకారము వ్రాతపూర్వకమైన ఒప్పందము చేసికొని అద్దె అధికారివద్ద నమోదు చేయింపవలెను.

ఇక మన సంఘమునకు ముఖ్యమైన మాట. ఇచ్చటి దస్తావేజులు తమిళములో నుండును. మన పెద్దలు అనేకులకు తమిళము మాటాడ వచ్చును గాని చదువ రాదు. లేఖరి చదివి వినిపించినదే వేదముగా వ్రేలిముద్ర వేయుదురు. పిల్లల సంగతి వేరు. 2006 నాటి తమిళ బోధన చట్టము వచ్చిన పిదప బడులలో వారికి తమిళము బాగుగా వచ్చినది, సంతోషమే. కాని తెలుగు అక్షరము దూరమైనది. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1 వరకు చిత్తూరు జిల్లాలోనిది. ఆ ప్రాంతపు తాతల దస్తావేజులు తెలుగులో నున్నవి. మనుమడు తాత కాగితము చదువలేడు. తాత మనుమడి కాగితము చదువలేడు. ఈ ఇద్దరి నడుమ ఏర్పడిన సందులోనే మోసగాడు కాపురము పెట్టును.

చదువుట యనునది తూకము. దానిని కూలి కీయరాదు. తాతయు మనుమడును ఒక్క చాపమీద కూర్చుండి, ఒకరి కాగితము ఒకరికి చదివి వినిపించినచో ఏ దళారియు వారిని మోసగింపజాలడు. పిల్లలకు తెలుగు నేర్పుట భాషాభిమానమునకు మాత్రమే కాదు, ఇంటి హద్దులు కాపాడుకొనుటకును అవసరమే.

వచ్చు ఆదివారము మొదలు ప్రతి ఆదివారమును సమావేశానంతరము మా అంగడి వెనుక గదిలో రెండు గంటలసేపు కూర్చుందుము. సంతకము చేయబోవువారు కాగితముతోను, ఇంటిలో చదువుకొన్న బిడ్డతోను రావలెను. కలసి చదువుదము. తెలియనిచోట వకీలు వద్దకు పొమ్మని చెప్పుదుము. రుసు మేమియు లేదు. మా తప్పునకు మేము చెల్లించినది అందరికిని చాలును.

సెలవు.