పటం మూలన కుక్క



కథ చెప్పేవారి కోసం నకాశీలు బట్ట మీద రాసే చేర్యాల పటాన్ని గానీ, చిత్రకారులైన లక్ష్మాగౌడ్‌ను గానీ, వైకుంఠాన్ని గానీ ఈ సభకు పరిచయం చేయనక్కర్లేదు. ముప్ఫై ఏళ్లుగా అడుగుతున్న ప్రశ్నే ఈ వేదిక మీంచి మళ్లీ అడుగుతాను. కథ చెప్పే బొమ్మలో చిత్రకారుడి సొంత గుర్తు ఎప్పటినుంచి ఉంది?

బరోడా చిత్రకళా కళాశాల నుంచి, అంటారు. లక్ష్మాగౌడ్ 1963లో అక్కడికి వెళ్లి చిత్రకారుడు కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర చదివారు. ఆ తరవాతే ఆయన ఊరు నిజాంపూర్ మేకలు, చెట్లు, ఆడామగా ఒకరిలో ఒకరు అల్లుకుపోయిన గీతలు వచ్చాయి. వైకుంఠం కూడా అక్కడ చదివొచ్చి తన ఊరు బూరుగుపల్లి ఆడవాళ్ల పెద్ద బొట్టును మనముందు పెట్టారు. అంతకుముందున్నదంతా అచ్చుపోసిన సంప్రదాయమేనని పుస్తకం వేసినవారు ఈ సభలోనే ఉన్నారు. వారి శ్రమంటే నాకు గౌరవం. కానీ వారు పటం చూశారు, పటం చెప్పేవాణ్ణి వినలేదు.

నలభై ఏళ్ల కింద ఒక పద్మశాలి వాడలో పద్మశాలీలకు కులకథ చెప్పే కూనపులివారు మార్కండేయ పురాణం చెబుతుంటే రాత్రంతా కూర్చున్నాను. పటాన్ని వరస వెంట వరస విప్పుతూ, కర్రతో చూపిస్తూ కథ నడిపారు. ఎర్రటి నేల మీద ఒక వరస చివర, పూల అంచుకు ఆనుకొని, మూడు కాళ్ల మీద నిలబడ్డ కుక్క. కర్ర దాన్ని తాకలేదు. నాలుగు వరసల తరవాత మళ్లీ అదే కుక్క. తెల్లారాక అడిగితే ఆ పెద్దాయన అన్నాడు: “అది కథల లేదు సారూ. పటం రాసిన నకాశాయన ఇంటి కుక్క. ఆయన ఏ పటం రాసినా యాడ్నో ఓకాడ నిలబడ్తది.”

దీన్ని సొంత గుర్తు అనకపోతే మరేమనాలి? ఆ కుక్క కులానికి అక్కర్లేదు, పురాణానికి అక్కర్లేదు. రాసినవాడికి కావాలి. కథ బరువు చెప్పేవాడి గొంతు మోసింది గనక నకాశీ చేతికి ఒక మూల మిగిలింది. లక్ష్మాగౌడ్ బొమ్మ పక్కన చెప్పేవాడు లేడు. అందుకే మూలనుండాల్సిన మేక నడిమికొచ్చి కథంతా తానే మోసింది. సొంత గుర్తు కొత్తగా పుట్టలేదు, చోటు మారిందంతే.

మేకంటే కామం, బొట్టంటే శక్తి అని నిఘంటువులు రాసే విమర్శకులకూ ఒక మాట. వైకుంఠం తన బొమ్మల వెనక తన తల్లి ఉందని స్వయంగా చెప్పారు. తల్లికి పర్యాయపదం వెతుకుతామా?

చివరగా ఒక వేడికోలు. జగదీశ్, కమలా మిత్తల్ దంపతుల సేకరణలో 1625 నాటి పటం భద్రంగా ఉంది. బట్ట దక్కింది, దాన్ని చెప్పిన గొంతు దక్కలేదు. కులకథలు చెప్పే కూనపులి, కాకిపడగల, గౌడజెట్టి కుటుంబాల్లో కథ తెలిసిన పెద్దలు ఇంకా ఉన్నారు. వారి ముందు పటం విప్పించండి. కర్ర ఎక్కడ ఆగిందో రాయండి, దేన్ని దాటిపోయిందో తప్పకుండా రాయండి. దాటిపోయినదాని గురించి అడగండి.

ఆ తెల్లవారుజామున నేను కుక్క గురించి అడిగాను గానీ పెద్దాయన పేరు అడగలేదు. పటం రాసిన నకాశీ పేరూ అడగలేదు. ఇన్నేళ్ల నా వాదానికి ఉన్న ఇద్దరు సాక్షుల పేర్లూ నాకు తెలియవు. మీరు వెళ్లినప్పుడు ముందు పేర్లు రాసుకోండి.